పిల్లను పట్టుకునే మనిషి

మా పాపకు ఐదో నెల పడిన వారమే ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. "ఎప్పుడొస్తవమ్మా? రానంటే చెప్పు, ఇంకో మనిషిని సూసుకుంటం" అన్నాడు అతను. నల్గొండలో ఒక సర్కారు ఆఫీసులో దరఖాస్తులు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నాది. ఆఫీసు సర్కారుదే గానీ నేను సర్కారు మనిషిని కాను, ఏజెన్సీ పెట్టిన మనిషిని. పక్క కుర్చీలో కూర్చునే పర్మినెంటు మేడమ్ కాన్పుకు పోతే జీతం నెలనెలా ఇంటికే వచ్చింది. నేను కాన్పుకు పోతే నా కుర్చీకే కాళ్ళొచ్చాయి. సోమవారం నుంచి వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. పాప నా ఒళ్ళోనే నిద్రపోతోంది. సోమవారానికి ఇంకా ఐదు రోజులున్నాయి.

మా ఆయన మిర్యాలగూడ దిక్కు ఒక బియ్యం మిల్లులో పని చేస్తాడు. పొద్దున ఆరింటికి బండి తీస్తే ఇల్లు చేరేది రాత్రి ఎనిమిదికి. నా జీతం ఆగిపోతే ఇంటి కిరాయి కట్టి, పాల డబ్బా కొని, ఇక గాలి తిని బతకాలి. అందుకే పని మానేయడం గురించి మేమిద్దరం మాట్లాడుకోలేదు కూడా. మాట్లాడుకున్నదల్లా పిల్లను పట్టుకునే మనిషి గురించే.

ఆ ఐదు రోజులు పాపను చంకనేసుకుని ఊరంతా తిరిగాను. గోడల మీద కార్టూన్ బొమ్మలు గీసుకున్న స్కూళ్ళన్నీ రెండున్నరేళ్ళు నిండాలన్నాయి. చంటిపిల్లలను తీసుకునే డే కేర్ ఒక్కటంటే ఒక్కటే దొరికింది. నెలకు నా జీతంలో సగానికి పైన అడిగారు. పాలు, డైపర్లు మనవే. సాయంత్రం నాలుగింటికి మూసేస్తారట. నా ఆఫీసు వదిలేది ఐదున్నరకు. మధ్యలో గంటన్నర ఎట్లా అని అడిగితే, "అందరు ఎట్లనో అట్ల సూసుకుంటరు మేడమ్" అంది అక్కడి అమ్మాయి. మా గల్లీ చివర అంగన్‌వాడీకీ పోయాను. టీచరమ్మ మంచిది. పాపను ఎత్తుకుని బరువు తూచి, "ఏడో నెల పడినంక బాలామృతం పాకెట్ ఇస్తం. ఈడ కూసోబెట్టుకునుడు మాత్రం మూడేండ్లు నిండినంకనే" అంది. ఆ మూడేండ్లూ పిల్లను ఏ అటక మీద దాచుకోవాలో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

చివరికి వెనక గల్లీలో ఉండే ఒకామె ఒప్పుకుంది. పన్నెండు రోజులు బాగానే చూసింది. పదమూడో రోజు పొద్దున లోపలికి రాకుండా గడప బయటే నిలబడింది. "పత్తి మొదలైంది మేడమ్. నువ్విచ్చేదానికి రెండింతలు పడుతది. పత్తి అయిపోయినంక మల్ల వస్త" అంది. ఆమెను తప్పు పట్టడానికేముంది? పత్తి ఏరే నెలల్లో మా జిల్లాలో పిల్లను పట్టుకునే మనిషి దొరకదని, పిల్లను కన్నాక గానీ నాకు తెలిసిరాలేదు. పత్తికున్న రేటు పాపకు లేదు. ఆ రోజు కడుపునొప్పి అని ఫోన్ చేసి సెలవు పెట్టాను.

మా అమ్మ అప్పటికే తమ్ముడి పిల్లలను చెరో చంకన మోస్తోంది. ఇక మిగిలింది మా అత్తమ్మ. అత్తమ్మది దేవరకొండ దిక్కు ఊరు. మామ పోయి ఏడేండ్లయింది. పదకొండు మేకలతో ఒక్కతే ఉండేది. పొద్దున వాటిని తోలుకుని పోతే పొద్దుగూకి రావడం, ఏడాదికి రెండో మూడో అమ్ముకుని ఎవరి ముందూ చేయి చాపకుండా బతకడం. ఫోన్ చేస్తే ముందు మేకల బాగోగులు చెప్పి, తర్వాత తన బాగు చెప్పేది. మా ఆయన ఏడ్చినంత పని చేసి అడిగితే, మేకలను తన మరిదికి అప్పజెప్పి మరునాడే నల్గొండలో బస్సు దిగింది.

"మీ చిన్న మామ మేపుతనన్నడు. గని శనివారం శనివారం నేను పోయి సూసుకొని రావాలె. ఆయన మేపుతడు గని ఏ పిల్ల పాలు తాగింది, ఏ పిల్ల తాగలేదు, గది సూడడు" అంది చెప్పులు విడవకముందే.

అప్పటికింకా ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాలేదు. శనివారం సాయంత్రం టికెట్టు కొనుక్కుని పోయేది, సోమవారం మొదటి బస్సుకు వచ్చేది. ఆమె గడపలోకి వస్తుంటే నేను గడప దాటేదాన్ని. పాప చేతులు మారడానికి పట్టే టైమే మేమిద్దరం మాట్లాడుకునే టైము.

మాది రెండో అంతస్తులో రెండు గదుల పోర్షన్. మధ్యాహ్నానికి గదులు పొయ్యిలా కాగేవి. అందుకని అత్తమ్మ పాపను ఎత్తుకుని మెట్ల మీదికి చేరేది, అక్కడ కొంచెం గాలి ఆడుతుందని. నెల తిరక్కుండానే కింద బట్టలు కుట్టే ముస్లిం అక్క, మేమంతా ఆపా అంటాం, "జర సూడవా అత్తా, ఒక్క గంట" అని తన కొడుకును కూర్చోబెట్టింది. ఆ గంట సాయంత్రం దాకా సాగింది. తర్వాత మొదటి అంతస్తు వాళ్ళ కవల పిల్లలు చేరారు. ఒక రోజు ఇంటి ఓనర్ వచ్చి, "ఇది ఇల్లా, అంగన్‌వాడీనా?" అని గట్టిగా అన్నాడట. "అంగన్‌వాడీ అయితే గుడ్డన్న పెడుదురు సారూ. నువ్వేం పెడుతవు?" అందట అత్తమ్మ. సాయంత్రం ఆపా ఈ మాట చెప్పి పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం ఓనర్ ఖాళీ చేయమంటాడేమోనని భయం పట్టుకుంది.

ఆఫీసులో మేడమ్ అనేది, "నీకేంది, అదృష్టవంతురాలివి. మేము నెలనెలా ఎంత పోస్తున్నమో తెలుసా? నీకు ఒక్క రూపాయి ఖర్చు లేదు" అని. అవును మేడమ్, ఖర్చు లేదు అనేదాన్ని. కొంచెం గర్వంగానే అనేదాన్ని.

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని ఊరికే అనలేదు పెద్దలు. ఆరు నెలలకే మాకు చాయ్ దగ్గర చెడింది. అత్తమ్మ తాను తాగే చాయ్‌లో బిస్కెట్ ముంచి పాపకు పెట్టేది. వద్దని చెప్పాను. పెట్టింది. ఏడాది లోపు చక్కెర పెట్టొద్దని ఫోన్‌లో వీడియో చూపించాను. "గీ పోరడు పిల్లల్ని కన్నడా?" అంది వీడియోలో డాక్టర్‌ను చూసి. పాప వేడి చేసి ఏడ్చినా, జలుబు చేసినా నాకు ఆ బిస్కెట్టే కనిపించేది. పొద్దంతా పిల్లను మోసే మనిషిని ఒక మాట అనాలంటే నోరు రాదు, అనకుండా ఉండాలంటే కడుపు మండుతుంది. 

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ నెల జీతం పడగానే కొంత తీసి కవర్లో పెట్టి అత్తమ్మకు ఇచ్చాను. మేకలను వదిలిపెట్టి మా కోసం ఉంటోంది, ఉత్తగా ఎట్లా చేయించుకుంటాం అని మా ఆయనకు చెప్పాను. అది నిజమే. కానీ అసలు లెక్క వేరే. జీతం ఇస్తే చెప్పే హక్కు వస్తుందనుకున్నాను. వెనక గల్లీ ఆమెకు ఇది పెట్టు, అది పెట్టొద్దు అని ధైర్యంగా చెప్పేదాన్ని కదా, అట్లా అత్తమ్మకూ చెప్పొచ్చనుకున్నాను.

అత్తమ్మ కవర్ తెరిచి చూసింది. "గిదేంది?" అంది.

"ఉంచుకో అత్తమ్మా. నీకూ ఖర్చులుంటయి కదా."

"కైకిలా? నా కొడుకు బిడ్డను సూసుకోనీకి నాకు కైకిలి గడుతున్నవా?"

మా దిక్కు కైకిలి అంటే రోజు కూలి. ఆ మాట ఆమె నోట వినగానే నేను చేసింది ఏమిటో నాకు తెలిసింది. కాదు అత్తమ్మా అని ఏదో చెప్పబోయాను. ఆమె వినలేదు. తెల్లారి నేను లేచేసరికి సంచి సర్దుకుని గడపలో కూర్చుని ఉంది. పాప ఇంకా లేవలేదు. "మొదటి బస్సుకు పోత. కైకిలి మనుషులు పట్నంల మస్తు దొరుకుతరు" అని మెట్లు దిగిపోయింది. కవర్ పొయ్యి గట్టు మీద, పాలగిన్నె పక్కన ఉంది. ఒక్క నోటు కూడా తీయలేదు.

తర్వాత తొమ్మిది రోజులు ఎట్లా గడిచాయో ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు అలిసిపోతుంది. మొదటి రోజు జ్వరమని సెలవు, రెండో రోజు ఆదివారం. మూడో రోజు పాపను ఆఫీసుకు తీసుకుపోయి, టేబుల్ కింద దుప్పటి పరిచి కూర్చోబెట్టాను. ఎవరిదో దరఖాస్తు నోట్లో పెట్టుకుని సగం నమిలేసింది. పెద్దసారు కేకలేయలేదు. "రేపు మాత్రం తేకమ్మా" అన్నాడు మెల్లగా. కేకలేసినా బాగుండేది. తర్వాత మూడు రోజులు అదే డే కేర్‌లో వదిలాను. నాలుగింటికి ఆపా పోయి తెచ్చేది, ఆ గంటన్నరలో ఆమె మిషన్ ఆగిపోయేది. అక్కడ మూడో రోజుకు పాప గొంతు పూర్తిగా బొంగురుపోయింది. నన్ను చూసి నోరు తెరిచి ఏడుస్తోంది, శబ్దం రావడం లేదు. అక్కడి అమ్మాయిని ఏమీ అనలేకపోయాను. పదకొండు మంది పిల్లలు, ఆమె ఒక్కతి. ఏడో రోజు, ఎనిమిదో రోజు మళ్ళీ సెలవు. ఏజెన్సీ అతను ఫోన్ చేసి, సోమవారం రాకపోతే ఇక రావొద్దన్నాడు.

అమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను. అమ్మ అంతా విని నన్నే తిట్టింది. "పైసలు చేతిల పెడితే కైకిలి. అవే పైసలకు చీర కొని పెడితే మర్యాద. గింత సదివినవు, గిది తెల్వదా? పోయి పెట్టి కాళ్ళు మొక్కు" అంది.

కవర్లో డబ్బుతోనే నారాయణపేట చీర కొన్నాను, ముదురాకుపచ్చకు ఎర్రంచు. ఆదివారం పాపను ఎత్తుకుని ఊరికి పోయాను. అత్తమ్మ ఇంటి పక్కన కంపతో కట్టిన దొడ్లో మేకలకు తుమ్మ కొమ్మలు వేస్తోంది. పాప ఆమెను చూడగానే నా చేతుల్లోంచి దూకినంత పని చేసింది. చీర పెట్టి కాళ్ళు మొక్కాను. అత్తమ్మ అంచును వేళ్ళ మధ్య నలిపి చూసింది. "మంచి నేత. ఎంత పెట్టినవ్?" అంది. చెప్పాను. "మస్తుగ పెట్టినవ్ పో" అని పాపను మేకల మధ్య నిలబెట్టి ఆడించింది. ఆ మాటతో గొడవ అయిపోయింది. నా తప్పు మాట ఆమె మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

"గిప్పుడే వస్తవా అత్తమ్మా? రేపు సోమవారం" అన్నాను సిగ్గు విడిచి.

"నాలుగొద్దులు ఆగు. మీ చిన్న మామకు నడుము పట్టింది, ఇగ మేపనంటున్నడు. నా పని జూసుకొని వస్త."

ఆ నాలుగు రోజులు మా ఆయన మిల్లుకు పోకుండా ఇంట్లో ఉన్నాడు. అత్తమ్మ వచ్చింది. ఈసారి సంచి కాదు, ట్రంకు పెట్టె తెచ్చుకుంది. ఆ శనివారం ఊరికి పోలేదు. మరుసటి శనివారమూ పోలేదు. ఆదివారాలు కూడా పాపను చూసుకునే మనిషి ఉందని నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకు పోవడం లేదో అడగలేదు. అడిగితే గుర్తొచ్చి పోతుందేమోనని భయం. తర్వాత ఆడవాళ్ళకు బస్సు ఉచితమైంది, ఊళ్ళ నుంచి ముసలివాళ్ళంతా బస్సులెక్కి చుట్టాల ఇళ్ళు తిరుగుతున్నారు. అత్తమ్మ మాత్రం మెట్లు దిగి కూరగాయల బండి దాకా పోయొచ్చేది. 

పాపకు మూడో ఏట గుట్ట మీద దేవుడి దగ్గర పుట్టు వెంట్రుకలు తీశాం. విందుకు పోతులు కొనాలంటే ధర మండిపోతోంది. "ఇంట్ల మేకలుండగ కొనుడెందుకు?" అన్నాడు మా ఆయన. అత్తమ్మ ఒక్క క్షణం ఆగి, సరే అంది. రెండు పోతులు ఆటోలో గుట్ట కిందికే వచ్చాయి. ఆ తర్వాతి జూన్‌లో పాపను బడిలో వేస్తుంటే ఫీజు కట్టడానికి కొంత తక్కువ పడింది. అత్తమ్మ కొంగు ముడి విప్పి ఇచ్చింది. పింఛను పైసలు దాచుకున్నానంది. తీసుకున్నాను. ఆమె కవర్ ఎందుకు తీసుకోలేదో తెలిసిన దాన్ని, ఆమె ముడి ఎందుకు విప్పిందో ఆలోచించకుండా తీసుకున్నాను.

పాప బడికి పోవడం మొదలయ్యాక అత్తమ్మ అనడం మొదలుపెట్టింది, "ఇగ నన్ను ఊర్ల దింపి రాండ్రి" అని. బడి వదిలేది మూడున్నరకు. నా ఆఫీసు వదిలేది ఇప్పటికీ ఐదున్నరకే. నడుమ సెలవులు, జ్వరాలు, ఎండాకాలం. ఈ నెల ఉండు అత్తమ్మా అనేదాన్ని. నెల అయిపోతే, దసరా దాకా అనేదాన్ని. ఆమె సరే అనేది, మళ్ళీ పది రోజులకు అదే మాట. రాత్రి పడుకుంటే నాకు ఒకటే ఫికర్, ఈమె పోతే నా ఉద్యోగం ఏం కావాలని.

పోయినేడు ఊళ్ళో చుట్టాల పెళ్ళి ఖాయం చేసుకునే వరపూజకు అందరం పోయాం. అత్తమ్మ తన ట్రంకు పెట్టె కూడా బస్సెక్కించింది. ఎందుకని నేను అడగలేదు, చెబుతుందని భయపడి. ఇంటికి పోయి చూస్తే దొడ్డికి కంప లేదు. లోపల ఎవరో మిరప నారు పోశారు. మేకలు మేతకు పోయాయేమో అనుకుని, గిన్నెలు తోముతున్న చిన్న మామ భార్యను, మా చిన్నత్తను అడిగాను. ఆమె తోమడం ఆపి నా ముఖం చూసింది.

"నీకు తెల్వదా? ఎన్నడో పాలుకిచ్చింది గద. నువ్వు చీర తెచ్చినవ్ సూడు, గా వారంలనే."

పాలుకివ్వడం మా దిక్కు పాత పద్ధతి. మేకలు మనవి, మేపేది ఇంకొకరు. పుట్టిన పిల్లల్లో సగం వాళ్ళవి, సగం మనవి. చచ్చిన తల్లి మాత్రం పూర్తిగా మనదే. కంటితో చూసుకోలేని వాళ్ళు ఇచ్చే పద్ధతి అది. చిన్నత్త ఒక్కొక్కటిగా చెప్పుకొచ్చింది. ఒక ముసురులో నోట్లో పుండ్లు లేచి ఐదు చచ్చాయట. కబురు వచ్చిన రోజు పాపకు జ్వరమని అత్తమ్మ రాలేదట. రెండు పుట్టు వెంట్రుకలకు పోయాయి. పిల్లలు పంచుకోగా మిగిలిన వాటిని బడి ఫీజు నెలలో అమ్మింది. "ఒక్కటి గూడ లేదిప్పుడు" అని చిన్నత్త మళ్ళీ గిన్నె అందుకుంది. 

ఖర్చు లేదు, ఖర్చు లేదు అని ఆఫీసంతా చెప్పుకు తిరిగిన దాన్ని నేను. నాకు ఏడుపు రాలేదు. అక్కడే బండ మీద కూర్చున్నాను.

సాయంత్రం అత్తమ్మ తన ఇంటి అరుగు మీద పాపకు జడ వేస్తోంది. ట్రంకు పెట్టె లోపల గోడకు ఆనించి ఉంది. పక్కన కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మొదలుపెట్టాను.

"నాలుగు మేకలు కొనిస్త అత్తమ్మా. వచ్చే నెల జీతంల రెండు, సంక్రాంతి లోపల రెండు. నువ్వు ఈడనే ఉండు. పాపను నేను ఎట్లనో అట్ల సూసుకుంట."

డే కేర్ అమ్మాయి అన్న మాటే నా నోట్లోంచి వచ్చింది. అత్తమ్మ జడ చివర రిబ్బను ముడేసి, పాపను పొమ్మని వీపు తట్టింది. పాప దొడ్డి దిక్కు ఉరికింది. 

"కొనిస్తవు బిడ్డా, నువ్వు కొనిస్తవు" అంది. "గని మేకలెన్క తిరగనీకి కాళ్ళేవి? ఇందాక ఇంటెన్క గడ్డ ఎక్కి సూసిన. సగం దాక గూడ పోలేదు. గీ పోరెన్క ఆ మెట్లెక్కి దిగి, ఎక్కి దిగి, గయి కాస్తా అరిగినయి."

కోపంగా అనలేదు. ఎండలు ఎక్కువున్నాయి అన్నట్టే అంది. నేను ఏమన్నా అంటానేమోనని కొంచెం సేపు చూసింది. నేను ఏమీ అనలేదు. అప్పుడు మోకాలి మీద చేయి ఊని లేచింది.

"రేపు మొదటి బస్సు ఎన్నింటికి? పోరికి బడి ఉంటది గద. ఆ పెట్టె మల్ల బయట పెట్టుమను నా కొడుకును."

నాకు ముందు కలిగింది ఊరట. రేపు ఆఫీసుకు పోవచ్చనుకున్నాను. సిగ్గు ఆ తర్వాత వచ్చింది, పెట్టె బయటికి తెస్తున్న మా ఆయనకు దారి ఇవ్వడానికి పక్కకు జరిగినప్పుడు.